డిసెంబర్ మొదట్లో లియాన్ (ఫ్రాన్స్): లాంగ్ రన్‌కి రూట్ చెప్పండి, కొండ ఎక్కచ్చా?

కేబీఆర్_లూప్
ఆఫీస్ పని మీద నవంబర్ ఆఖర్లో లియాన్ వెళ్తున్నా, డిసెంబర్ మొదటి వారం దాటేదాకా అక్కడే. హోటల్ పార్-దియూ స్టేషన్ పక్కన బుక్ చేశారు. జనవరిలో ముంబై ఫుల్ మారథాన్ ఉంది కాబట్టి మధ్యలో ఒక ఆదివారం 28 కిలోమీటర్లు పడాల్సిందే, తప్పించే ఛాన్స్ లేదు. మిగతా రోజులు పొద్దున్నే ఏడెనిమిది కిలోమీటర్లు చాలు. నెట్‌లో వెతికితే అన్నీ చూడాల్సిన పది ప్రదేశాలు టైపే, పరిగెత్తేవాడికి పనికొచ్చేది ఒక్కటి దొరకలా. మ్యాప్‌లో చూస్తే రెండు నదులు, రెండు కొండలు కనిపిస్తున్నాయి. పాత ఊరు చూస్తూ పరిగెత్తాలని ఉంది కానీ ప్రతి సందులో ఆగి ఫొటోలు తీసే రకం కాదు నేను. అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి. ట్రెడ్‌మిల్ అని మాత్రం అనకండి.

విలూర్బాన్_పాప
నేను విలూర్బాన్‌లో చదువుకున్నా, లియాన్‌ని ఆనుకునే ఉంటుంది. ముందు ఒకటి తెలుసుకోండి, డిసెంబర్లో అక్కడ తెల్లారేసరికి ఎనిమిది దాటుతుంది, సాయంత్రం ఐదుకల్లా చీకటి. ఆఫీసుకి ముందు రన్ అంటే మొత్తం చీకట్లోనే. అందుకని వీక్‌డేస్‌కి కొండలు, సందులు మర్చిపోండి, నది ఒడ్డు పట్టుకోండి. పార్-దియూ నుంచి రోన్ నది దాకా నేరుగా పడమరకి వచ్చేస్తే కింద గట్టు మీద నడవడానికి, సైకిళ్లకి దారి ఉంటుంది. ఉత్తరాన తెత్ దోర్ పార్కు నుంచి దక్షిణాన గెర్లాన్ పార్కు దాకా దాదాపు 5 కిలోమీటర్లు, మధ్యలో ఒక్క సిగ్నల్ లేదు, వంతెనలన్నీ తల మీద నుంచి పోతాయి. ఒకప్పుడు అదంతా కార్ పార్కింగ్ అట, 2007లో తీసేసి ఇలా చేశారు.

బీచ్‌రోడ్_బాబు
సిగ్నల్ లేకుండా 5 కిలోమీటర్లా. మాకు ఆర్కే బీచ్‌లో తెల్లారుజామున బండ్లు ఆపితేనే ఆ భోగం.

మోకాలు_జాగ్రత్త
పాప గారు చెప్పింది కరెక్ట్, ఒకటి కలుపుతా. రోన్‌లో నీళ్లు పెరిగితే ఆ కింద గట్టు మూసేస్తారు, అప్పుడు పైన రోడ్డు వెంబడే పోవాలి. ఇంకోటి సైకిళ్లు, స్కూటర్లు. పొద్దున ఆఫీసులకి పోయేవాళ్లు ఆ దారిలో గట్టిగా తొక్కుతారు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మధ్యలో పరిగెత్తావంటే బెల్లు కూడా కొట్టరు, ఫ్రెంచ్‌లో ఏదో అనేసి పోతారు.

రాత్రి_ట్రైల్
నదీ ఒడ్డు ఏ ఊళ్లోనైనా ఉంటుంది బ్రో. లియాన్ వెళ్లి ఫ్లాట్‌గా పరిగెత్తి వస్తానంటే ఎలా. ఫుర్వియేర్ కొండ ఎక్కు. క్రీ.పూ. 43లో రోమన్లు లుగ్డునుమ్ అని ఊరు కట్టింది ఆ కొండ మీదే, కింద కనిపించే పాత లియాన్ వీధులు చాలా శతాబ్దాల తర్వాతివి. కొండ మీద రోమన్ థియేటర్ ఇప్పటికీ ఉంది, పది వేల మంది పట్టేది, ఎండాకాలంలో ఇవాళ్టికీ అక్కడ కచేరీలు పెడతారు. గేటు తెరిచి ఉంటే టికెట్ లేకుండానే లోపలికి పోవచ్చు. నువ్వు ముంబై పరిగెత్తుతున్నావు, పెద్దర్ రోడ్ ఎక్కాలి కదా, ఇది ప్రాక్టీస్ అనుకో.

మోకాలు_జాగ్రత్త
@రాత్రి_ట్రైల్ పెద్దర్ రోడ్‌కీ మెట్ల దారికీ పోలికేంటి సామీ. ఫుర్వియేర్ పైకి పోయే దార్లలో సగం మెట్లే. నికోలా ద లాంజ్ మెట్లు ఐదు వందలు దాటతాయి. లాంగ్ రన్ ముందు రోజు అవి ఎక్కితే ఆదివారం పిక్కలు పనిచెయ్యవు.

రాత్రి_ట్రైల్
ముందు రోజు ఎక్కమన్నానా? మంగళవారం ఎక్కమను.

మోకాలు_జాగ్రత్త
మంగళవారం చీకటి అని పైన చెప్పారు కదా. హెడ్‌ల్యాంప్ పెట్టుకుని తడి మెట్ల మీద దిగమంటావా?

విలూర్బాన్_పాప
ఇద్దరూ ఆగండి. ఎక్కడం కాళ్లతో, దిగడం ఫ్యునిక్యులర్‌లో, అంటే తాడుతో లాగే కొండ రైల్లో. వ్యూ లియాన్ (పాత లియాన్) మెట్రో స్టేషన్ దగ్గర నుంచి రెండు లైన్లు ఉంటాయి, ఒకటి కొండ మీది పెద్ద చర్చి, బసిలికా దగ్గరికి, ఇంకోటి రోమన్ థియేటర్ మీదుగా. మామూలు మెట్రో టికెట్టే సరిపోతుంది, రెండు మూడు నిమిషాల్లో కింద ఉంటారు. మోకాళ్లు సేఫ్, కొండా చూసినట్టు ఉంటుంది. నేనైతే ఎక్కడానికి గుర్గియోన్ వీధి చెప్తా. మెట్లు తక్కువ, వాలు మాత్రం చంపేస్తుంది. వ్యూ లియాన్ దక్షిణం చివర నుంచి మొదలవుతుంది, పాతకాలం నుంచీ కొండెక్కే దారి అదే. ఇళ్లు రెండు వైపులా మీదకి వంగినట్టుంటాయి, కింద గుండ్రాళ్లు పరిచి ఉంటాయి, ఎంత నున్నగా అరిగిపోయాయంటే వాన పడిన రోజు ఒక్కో రాయి మీద వీధి దీపం విడివిడిగా మెరుస్తుంది. అందంగా ఉంది కదా అని చూస్తూ అడుగేస్తే పడతారు. గోడ పక్కనే పొండి.

కేబీఆర్_లూప్
వావ్, ఇంత త్వరగా ఇన్ని రిప్లైలు అనుకోలా. ఫ్యునిక్యులర్ ఐడియా బాగుంది. ఆ సందుల్లోంచి ఇళ్ల లోపల నుంచి పోయే రహస్య దార్లు ఉంటాయట కదా, ట్రాబూల్ అంటారు. అవి కలుపుకుంటూ ఒక రన్ చెయ్యచ్చా?

విలూర్బాన్_పాప
దయచేసి వద్దు.

రాత్రి_ట్రైల్
ఎందుకు వద్దు? లియాన్‌లో మెట్లు, పాత సందులు కలిపి రేసే పెడతారు, లియాన్ అర్బన్ ట్రైల్ అని.

విలూర్బాన్_పాప
@రాత్రి_ట్రైల్ రేసు వేరు, దానికి అనుమతులు తీసుకుంటారు, వాలంటీర్లుంటారు. ట్రాబూల్ అంటే ఎవరో ఒకరి ఇంటి నడవా అండి. ఒక వీధిలో తలుపు తోసుకుని లోపలికి పోతే చీకటి నడవా, తర్వాత వాకిలి, మెట్లు, పోస్టు డబ్బాలు, ఎవరిదో సైకిలు, అటు తలుపు తీస్తే ఇంకో వీధి. పైన మనుషులు కాపురం ఉంటారు. జనాన్ని పోనిచ్చేవి కొన్ని మాత్రమే, అవీ పగటిపూట, నెమ్మదిగా మాట్లాడుకుంటూ పొమ్మని బోర్డు కూడా ఉంటుంది. ఆ రాతి నడవాలో బూట్లు దబదబలాడిస్తే ఐదో అంతస్తు దాకా మోగుతుంది. మన అపార్ట్‌మెంట్ కారిడార్లో పొద్దున్నే ఎవడో తెలియనోడు ఇంటర్వల్స్ (ఆగి ఆగి స్పీడ్ పరుగులు) కొడితే ఊరుకుంటామా?

గోల్కొండ_గుర్రం
మా అపార్ట్‌మెంట్ల అయితే వాచ్‌మెన్ తాత కర్ర పట్కొని ఉరికొస్తడు. అప్పుడు అసలైన ఇంటర్వల్స్ అయితయ్.

కేబీఆర్_లూప్
అర్థమైంది, ట్రాబూల్ నడకే. ఏది బెస్ట్?

విలూర్బాన్_పాప
సెయింట్ జాన్ వీధి 54 నంబరు తలుపు. అటు బెఫ్ వీధి 27లో తేలతారు. పాత లియాన్‌లో అన్నిటికంటే పొడుగు అదే, మధ్యలో నాలుగు వాకిళ్లు దాటతారు. పగలు వెళ్లండి, నెమ్మదిగా.

ధర్మవరం_మగ్గం
నాకు రన్నింగ్ సంగతి తెలీదు, లియాన్ పేరు చూసి వచ్చినా. రెండో కొండ గురించి ఎవురూ చెప్పలేదు, క్రువా రూస్. ఫుర్వియేర్‌ని ప్రార్థన చేసే కొండ అంటారు, దీన్ని పని చేసే కొండ అంటారంట అక్కడోళ్లు. పట్టు నేసేవాళ్ల పేట అది. మన ధర్మవరంలో, గద్వాలలో మగ్గం మీద జకార్డు పెట్టె కడతారు చూడండి, ఆ జకార్డు అనే మనిషి 1752లో పుట్టింది ఆ ఊళ్లోనే, మిషను తెచ్చింది 1804 ప్రాంతంలో. చీర కొంగులో డిజైన్ రావాలంటే అట్టలకి బెజ్జాలు కొట్టి దండ మాదిరి కుట్టి పైన తగిలిస్తాం, బెజ్జం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. మా జేజినాయన కాలం నుంచీ మాకు అదే పని. లియాన్‌లో ఆ మిషను ఎత్తుకి మామూలు ఇల్లు చాలక క్రువా రూస్‌లో ఇళ్లే నాలుగు మీటర్ల ఎత్తు పైకప్పు పెట్టి కట్టినారు. పెద్ద పెద్ద కిటికీలు, వెలుతురు కోసం. మా ఇళ్లల్లో ఇంత ఎత్తు లేక మగ్గాన్ని గుంతలో దించుకుంటిమి. మీరు అక్కడ పరిగెత్తితే తల పైకెత్తి ఆ కిటికీలు చూడండి, అంతే నేను అడిగేది.

కేబీఆర్_లూప్
@ధర్మవరం_మగ్గం అన్నా ఇది నాకు అస్సలు తెలీదు. కొండ మీద ఫ్లాట్ రోడ్డు ఉందా పరిగెత్తడానికి?

మోకాలు_జాగ్రత్త
ఉంది. పైన క్రువా రూస్ బులెవార్డ్ చెట్ల కింద దాదాపు సమంగా ఉంటుంది. సోమవారం తప్ప పొద్దున్నే సంత పెడతారు, కాబట్టి కూరల బండ్ల మధ్య మెలికలు తిరుగుతూ పోవాలి. తూర్పు చివర ఒక పెద్ద బండరాయి ఉంటుంది, గ్రో కైయూ అంటారు, 1861లో సొరంగం తవ్వుతుంటే అడ్డం పడిందట, పగలగొట్టలేక పైకి లాగి అక్కడ పెట్టేశారు. అక్కడ నుంచి తూర్పు వైపు చూడచ్చు, రోన్ నది, పార్-దియూ బిల్డింగులు అన్నీ కనపడతాయి. పెన్సిల్ ములుకు లాంటి టవర్ ఉంటుంది, అది నీ హోటల్ వైపు గుర్తు. సందుల్లో జీపీఎస్ పిచ్చిగా తిరిగినా ఆ పెన్సిల్ కనపడితే దారి తప్పవు.

ధర్మవరం_మగ్గం
ఇంకోటి. 1831 నవంబర్లో ఆ కొండ మీది నేతగాళ్లు మజూరీ రేటు కోసం తిరగబడి కిందికి దిగి ఊరంతా పట్టుకున్నారు. రేటు ఒప్పుకుని మళ్లీ ఎగ్గొట్టినారని. 1834లో మళ్లా లేస్తే మందుగుండుతో అణిచేసినారు. షావుకారు ముక్కకి ఇంత అని తగ్గించి ఇస్తాడే, ఆ బాధ మాకు చెప్పాల్సిన పని లేదు. నువ్వు పోయేదీ నవంబర్లోనే కదప్పా, గ్రాండ్ కోట్ అనే వాలు మీద దిగుతావేమో, వాళ్లు దిగింది ఆ పక్కనే.

సైలెంట్_రీడర్
రన్నింగ్ రూట్ అడిగితే ఇక్కడ చరిత్ర క్లాస్. నాకు నచ్చింది, ఆపకండి.

గోల్కొండ_గుర్రం
హైదరాబాద్ నుంచి లియాన్‌కి ఆఫీస్ పని అంటే వ్యాక్సిన్ కంపెనీయే ఉంటది. మన శాంతా బయోటెక్నిక్స్‌ని 2009ల తీస్కున్న సనోఫీ వ్యాక్సిన్లు చేసేది ఆ ఊరి దగ్గర్నే. అంతకుముందు శాంతాల వాటా ఉన్న మెరియూ వాళ్లదీ లియానే, 1897 నుంచి. చెప్పు కేబీఆర్ అన్నా, సూదులోళ్లేనా?

కేబీఆర్_లూప్
నో కామెంట్స్ 😀 రూట్ చెప్పండయ్యా, 28 ఎక్కడ?

మోకాలు_జాగ్రత్త
సరే విను, ఇది ఊరంతా చుట్టే లూప్, ఒక్క ఎక్కుడు కూడా లేదు. పార్-దియూ నుంచి తెత్ దోర్ పార్కుకి పో, పొద్దున ఆరున్నరకే తెరుస్తారు. 117 హెక్టార్ల పార్కు, పెద్ద చెరువు, లోపల జూ కూడా ఫ్రీ. చీకట్లో మొదలెడితే చెరువు మీద మంచు, ఎక్కడో జూలోంచి అరుపులు, కొంచెం దడగా ఉంటుంది కానీ జనం ఉంటారు. లోపల చుట్టు సుమారు నాలుగు కిలోమీటర్లు. పక్కనే ఇంటర్‌పోల్ హెడ్డాఫీసు, అక్కడ గోడ దగ్గర ఆగి సెల్ఫీలు తీసుకుంటూ నిలబడకు. తర్వాత రోన్ గట్టు పట్టుకుని గెర్లాన్ దాకా. అక్కడ రైమోన్ బార్ వంతెన, ట్రాము, సైకిళ్లు, నడిచేవాళ్లు తప్ప కార్లు రావు, దాని మీద దాటితే కన్‌ఫ్లుయాన్స్. రోన్, సోన్ కలిసే కొస దాకా పో, అక్కడ పాత రైలు పట్టాలు నేరుగా నీళ్లలోకి దిగిపోయి ఉంటాయి. అక్కడ నుంచి సోన్ వెంబడి ఉత్తరానికి, ఎడమ పక్కన ఫుర్వియేర్ కొండ కనపడుతూనే ఉంటుంది, పాత ఊరి ముందు నుంచి పోయి ఇల్ బార్బ్ అనే నది మధ్య దీవి దాకా. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు అదే దారి మొత్తం రావక్కర్లేదు, అసలు మజా ఇక్కడే. క్రువా రూస్ కొండ కింద నుంచి సొరంగం ఉంది.

బీచ్‌రోడ్_బాబు
సొరంగంలో పరిగెత్తడమా? పొగలోనా?

మోకాలు_జాగ్రత్త
కార్లకి వేరే గొట్టం. ఇది 2013 డిసెంబర్లో తెరిచారు, నడిచేవాళ్లకి, సైకిళ్లకి, బస్సులకి మాత్రమే. కిలోమీటరున్నర పైనే, పావు తక్కువ రెండు అనుకో. సోన్ ఒడ్డున దూరితే రోన్ ఒడ్డున తేలతావు, తేలగానే పార్కు దగ్గరే. లోపల గోడల మీద లైట్లతో బొమ్మలు కదుల్తూ ఉంటాయి, మనుషుల నీడలు మన పక్కనే పరిగెత్తుతున్నట్టు వస్తాయి. గాలి ఉండదు, వాన పడదు, చలి తక్కువ. నాకైతే లియాన్‌లో పేస్ కుదిరింది అక్కడే. మొత్తం ఇరవై మూడు ఇరవై నాలుగు అవుతుంది, పార్కులో ఒక చుట్టు కలిపితే నీ 28 దగ్గర పడుతుంది. గార్మిన్ వాచ్ లోపల జీపీఎస్ సిగ్నల్ పోగొట్టుకుంటుంది, స్ట్రావా యాప్‌లో నువ్వు కొండ మీద నుంచి ఎగిరినట్టు గీత వస్తే కంగారు పడకు.

రాత్రి_ట్రైల్
రూట్ ఒప్పుకుంటున్నా. కానీ నువ్వు వెళ్లే టైమ్‌కే సాంతెలియాన్ ఉంటుంది, డేట్ చూసుకో. 1952 నుంచి జరుగుతున్న రేసు, శనివారం అర్ధరాత్రికి దగ్గర్లో సెయింట్ ఎతియెన్‌లో మొదలై లియాన్ దాకా, దాదాపు 80 కిలోమీటర్లు. చిన్న దూరాలూ, రిలే కూడా ఉంటాయి. నేను రిలేలో ఒక ముక్క పరిగెత్తా. బురద గడ్డకట్టి కాలి కింద గాజు పలిగినట్టు చిటపటమనడం, వెనక్కి తిరిగి చూస్తే కొండ పొడుగునా హెడ్‌ల్యాంపులు వరసగా రావడం, అదో పిచ్చి. పరిగెత్తకపోయినా పర్లేదు, ఆదివారం పొద్దున లియాన్‌లో ఫినిష్ దగ్గర నిలబడి చప్పట్లు కొట్టు. రాత్రంతా పరిగెత్తి బురదలో వచ్చే మొహాలు చూస్తే నీ 28 ఎంతనిపిస్తుంది.

మోకాలు_జాగ్రత్త
ఇప్పుడు వాణ్ణి అందులో దింపకు, ముంబై పాడవుద్ది. అయినా ఫ్రాన్స్‌లో రేసు అంటే పీపీఎస్ అని ఆన్‌లైన్‌లో గుండె జాగ్రత్తల వీడియోలు చూసి నంబరు తెచ్చుకోవాలి, ఇంతకుముందు డాక్టర్ సర్టిఫికెట్ అడిగేవాళ్లు. మామూలుగా రోడ్డు మీద పరిగెత్తడానికి ఏం అక్కర్లేదు.

పొద్దున్నే_పరుగు
ఆడవాళ్ల సంగతి అడుగుతున్నా, నేనూ ఫిబ్రవరిలో వెళ్లేది ఉంది. చీకట్లో ఆ కింద గట్టు మీద, వంతెనల కింద ఒక్కదాన్నే అంటే?

విలూర్బాన్_పాప
@పొద్దున్నే_పరుగు ఆరున్నర తర్వాత అయితే రన్నర్లు, సైకిళ్లు వస్తూనే ఉంటారు, నాకు ఎప్పుడూ ఏం కాలేదు. కానీ అర్ధరాత్రి దాటి తెల్లారుజాము దాకా, అందులో శని ఆదివారాలు, గట్టు మీద తాగి కూర్చునేవాళ్లు మిగిలి ఉంటారు. ఆ టైమ్‌లో పైన రోడ్డు పక్క ఫుట్‌పాత్ వాడండి. ఆదివారం నేను తెల్లారాకే బయల్దేరేదాన్ని.

కేబీఆర్_లూప్
బట్టలు? టాయిలెట్? ఇది ఎవరూ చెప్పరు, కానీ లాంగ్ రన్‌లో మెయిన్ అదే.

రాత్రి_ట్రైల్
రెండు మూడు డిగ్రీలు అనుకుని పో. పల్చటి ఫుల్ చేతులది, పైన విండ్ జాకెట్, గ్లోవ్స్. నది మీద ఉత్తరపు గాలి వచ్చిందంటే వేళ్లు పనిచెయ్యవు, జెల్ ప్యాకెట్ పళ్లతో చింపాలి.

విలూర్బాన్_పాప
రోడ్డు పక్క ఆటోమేటిక్ టాయిలెట్లు ఉంటాయి, డబ్బులు అక్కర్లేదు. ఒకరు బయటికి రాగానే తలుపు మూసుకుని లోపలంతా తనే కడుక్కుంటుంది, అయ్యేదాకా ఆగాలి. అర్జెంటు అని ముందువాళ్లు తలుపు పట్టుకుంటే దూరకండి. స్నానం అవుతుంది.

గోల్కొండ_గుర్రం
నేను దూరిన. ఇంకేం అడగకుర్రి.

బీచ్‌రోడ్_బాబు
ఈ థ్రెడ్‌ని పిన్ చెయ్యండి ఎవరైనా 😂

గోల్కొండ_గుర్రం
తిండి గురించి కూడా చెప్త. బూషాన్ అని చిన్న హోటళ్లుంటయ్, ఆ ఊరి తిండి. అండుయెట్ అని ఒకటి ఉంటది మెనూల, ఇంగ్లీష్‌ల సాసేజ్ అని రాస్తరు, నమ్మకు. పేగులది. మన బోటి లెక్కనే గానీ కారం ఉండది, వాసన మటుకు పక్క టేబుల్ దాకా కొడతది. నాకు నచ్చింది, మా కొలీగ్ లేసి బయటికి పోయిండు. రన్ అయినంక మాత్రం తినకు.

మోకాలు_జాగ్రత్త
రన్ అయ్యాక ప్రలీన్ బ్రియోష్. ఎర్రగా చక్కెర పట్టించిన బాదం పప్పులు లోపల ఉండే మెత్తటి బ్రెడ్డు, ఏ బేకరీలోనైనా ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నానికి చాలా షాపులు మూసేస్తారు, ముందే కొనిపెట్టుకో.

విలూర్బాన్_పాప
ముఖ్యమైనది మర్చిపోయాం. డిసెంబర్ 8 దగ్గర్లో నాలుగు రోజులు ఫెత్ దే లుమియేర్, దీపాల పండగ. 1852లో ఫుర్వియేర్ మీద మేరీమాత విగ్రహం పెట్టిన రాత్రి జనం కిటికీల్లో దీపాలు వెలిగించారు, అప్పటి నుంచీ జరుగుతోంది. ఇప్పుడు ఊళ్లో బిల్డింగుల మీద పెద్ద పెద్ద లైట్ షోలు, లక్షల్లో జనం. ఆ సాయంత్రాలు ఊరి మధ్యలో బెల్కూర్, తెరో కూడళ్ల వైపు, పాత ఊరి వైపు పరిగెత్తడం అన్న మాటే లేదు, మెట్రో కూడా కొన్ని స్టేషన్లలో ఆగదు. చూడ్డానికి వెళ్లండి, రన్ మాత్రం పొద్దున పెట్టుకోండి.

కేబీఆర్_లూప్
అప్‌డేట్. ఆదివారం లూప్ అయిపోయింది, మోకాలు అన్న చెప్పిన రూటే, గార్మిన్‌లో 27.6 వచ్చింది, హోటల్ చుట్టూ తిరిగి 28 చేశా. తెల్లారాక బయల్దేరా. కన్‌ఫ్లుయాన్స్ కొస దగ్గర రోన్ ఒక రంగు, సోన్ ఒక రంగు, కాసేపు కలవకుండా పక్కపక్కనే పోతున్నాయి, ఆగకూడదు అనుకున్నవాణ్ణి ఆగా. ఇల్ బార్బ్ దగ్గర పొగమంచు, దీవి సగమే కనపడింది. సొరంగంలో నా ముందు ఒక పెద్దాయన, డెబ్బై ఉంటాయేమో, నన్ను దాటించుకోనివ్వలేదు, చివర్లో బయటికి వచ్చాక బొటనవేలు చూపించి పార్కు వైపు పోయాడు. ఎదురైన ప్రతి రన్నరూ బోంజూర్ అంటున్నారు, ఊపిరి ఆడకపోయినా అనాల్సొస్తోంది.
కొండ బుధవారం మధ్యాహ్నం మీటింగ్ క్యాన్సిల్ అయితే ఎక్కా, గుర్గియోన్ వీధి. నడిచా సగం, అక్కడ పరిగెత్తేవాళ్లకి దండం. పైన మబ్బు, మౌంట్ బ్లాంక్ కనపడలేదు.

రాత్రి_ట్రైల్
కనపడితే మర్నాడు వాన అని అక్కడివాళ్లు అంటారు, కాబట్టి కనపడకపోవడమే నయం. ఫుర్వియేర్ పక్కన చిన్న ఈఫిల్ టవర్ లాంటిది చూశావా? పైకి ఎక్కనివ్వరు, యాంటెన్నాలకి వాడుతున్నారు.

ధర్మవరం_మగ్గం
క్రువా రూస్ పోయినావా నాయనా?

కేబీఆర్_లూప్
@ధర్మవరం_మగ్గం పోయా అన్నా. కిటికీలు చూశా, రెండో అంతస్తు కిటికీ మన తలుపు కంటే ఎత్తుంది. మెజోన్ దే కనూ అని నేత మ్యూజియం ఉంటే లోపలికి పోయా, ఒకావిడ మగ్గం నేసి చూపించింది. పైన మీరు చెప్పిన అట్టల దండ తిరుగుతోంది, ప్రతి అడుగుకీ ఒక్కో అట్ట టక్కున పడుతుంది. వీడియో తీశా, ఇక్కడ అప్‌లోడ్ అవ్వట్లేదు, మీకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపిస్తా.

ధర్మవరం_మగ్గం
పంపు. శబ్దం ఆన్ చేసి తీసినావా లేదా?

కేబీఆర్_లూప్
ఆన్‌లోనే ఉంది అన్నా.

పొద్దున్నే_పరుగు
ఫిబ్రవరిలో ఎనిమిదికల్లా వెలుతురు వచ్చేస్తుందా? ఇల్ బార్బ్ దాకా కాకుండా 15లో ముగించాలంటే ఎక్కడ తిరగాలి?

మోకాలు_జాగ్రత్త
ఫిబ్రవరి మధ్యకొచ్చేసరికి వచ్చేస్తుంది. ఇల్ బార్బ్ వదిలెయ్యి, పార్కు చుట్టు కూడా వదిలెయ్యి. సోన్ వెంబడి వస్తూ సొరంగం నోరు కనపడగానే కుడికి దూరిపో. హోటల్ ఎక్కడో చెప్తే కరెక్ట్‌గా లెక్కేసి చెప్తా.